మాటల అర్థము కొరకు జీవితమును వెచ్చించిన సి.పి. బ్రౌన్



మన భోకర్ తాలూకాలోను, ముద్ఖేడ్, కిన్వట్, ధర్మాబాద్ ప్రాంతములలోను స్థిరపడిన తెలుగు కుటుంబములలో పిల్లల చదువు మూడు భాషల మధ్య నడుస్తున్నది. ఇంట్లో తెలుగు, బడిలోను బజారులోను మరాఠీ, రేపటి ఉద్యోగము కొరకు ఇంగ్లీషు. పోటీ పరీక్షలకు సిద్ధపడుతున్న మన యౌవనస్థులు కఠినమైన ఇంగ్లీషు పదముల పట్టికలు తెచ్చుకొని, రోజుకు ఇరవై, ముప్పై చొప్పున వల్లె వేస్తున్నారు. కష్టపడుతున్నారు, సంతోషమే. అయితే వారిలో ఒకరిని పిలిచి ‘బెనవలెంట్’ అంటే ఏమిటని అడిగి చూడండి. ఇంగ్లీషులోనే మరొక మాటను జవాబుగా చెబుతారు. ఆ మాటకు అర్థమేమిటంటే మూడవ మాట చెబుతారు. దీనినే మీ నాయనమ్మకు అర్థమయ్యేటట్టు చెప్పమంటే అక్కడ ఆగిపోతారు. మాట నోటికి వచ్చినది, అర్థము ఇంటికి రాలేదు.

ఈ చిక్కు ఇప్పటిది కాదు. సుమారు రెండు వందల సంవత్సరముల క్రితము ఒక ఇంగ్లీషు యువకుడు ఇదే చిక్కును అవతలి ఒడ్డునుండి ఎదుర్కొన్నారు. ఆయనకు ఇంగ్లీషు వచ్చును, తెలుగు రాదు. మాట వెంట పడి, దాని అర్థము తేలేవరకు విడువక, జీతమును, ఆరోగ్యమును, ఆయుష్షును అందులోనే ఖర్చు చేశారు. చివరకు తెలుగువారు ఇంగ్లీషు నేర్చుకొనుటకు, ఇంగ్లీషువారు తెలుగు నేర్చుకొనుటకు రెండు వైపులా నడువగల వంతెనను కట్టి వెళ్లారు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగునాట బ్రౌన్ దొరగా పేరుపొందిన ఆ మహనీయుని జీవితమును మన పిల్లల చదువునకు పనికివచ్చునట్లుగా ఈ సంచికలో వివరించదలచాను.

బాల్యము

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ అక్కడ క్రైస్తవ బోధకులు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకు స్థాపించిన ఫోర్టు విలియం కళాశాలకు అధిపతిగా కూడ పనిచేశారు. ఆ కళాశాలలోనే మన బాప్టిస్టు సంఘములవారందరు ఎరిగిన విలియం కేరీగారు బెంగాలీ, సంస్కృతము, మరాఠీ భాషలు బోధించేవారు. ఆ విధముగా బ్రౌన్ పెరిగిన ఇంటి చుట్టూ భాషలు నేర్చుకొనేవారు, అనువాదములు చేసేవారు ఉండేవారు. తండ్రి తన కుమారులకు చిన్ననాటనే హెబ్రీ, అరబ్బీ, పారసీ, హిందూస్తానీ వంటి భాషలలో పునాది వేయించారు. ఒక ఇంటిలో అనేక భాషలు వినబడితే పిల్లలు తికమక పడతారని మనలో కొందరు భయపడతారు. బ్రౌన్ బాల్యము ఆ భయమును పోగొట్టదగినది.

1812లో తండ్రి మరణించారు. కుటుంబము ఇంగ్లండుకు వెళ్లిపోయింది. బ్రౌన్ అక్కడ హెయిలీబరీలో ఉన్న ఈస్టు ఇండియా కంపెనీ కళాశాలలో చదివి, కంపెనీ సివిలు ఉద్యోగిగా 1817లో మద్రాసు చేరుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు 18 సంవత్సరములు.

తెలుగు అక్షరముతో పరిచయము

మద్రాసులో 1812 నుండి ఫోర్టు సెయింట్ జార్జి కళాశాల నడుస్తున్నది. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు ఉద్యోగులు అక్కడ దక్షిణ దేశభాషలు నేర్చుకొని, పరీక్షలో నెగ్గిన తరువాతనే జిల్లాలకు వెళ్లాలి. బ్రౌన్ అక్కడ వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు నేర్చుకున్నారు. 1820లో పరీక్షలో నెగ్గి, అదే సంవత్సరము కడప కలెక్టరు హాన్‌బరీ వద్ద సహాయకునిగా చేరారు. ప్రజల భాష నేర్చుకోనివాడు ప్రజలను పాలించుటకు తగడని గట్టిగా నమ్మిన సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చినది కూడ ఆ సంవత్సరమే.

కడపలో బ్రౌన్‌కు ఒక సంగతి బోధపడింది. కళాశాలలో పరీక్ష కొరకు చదివిన తెలుగు ఒకటి, కచేరీకి వచ్చిన రైతు మాట్లాడే తెలుగు మరొకటి. హాన్‌బరీ తెలుగును ధారాళముగా మాట్లాడుతూ, రైతులతో నేరుగా వ్యవహరించేవారు. బ్రౌన్ మాత్రము పుస్తకములో నేర్చిన మాటలకోసము తడుముకోవలసి వచ్చింది. అప్పటికి ఇంగ్లీషువారికి ఉపయోగపడు తెలుగు పుస్తకములు వ్రేళ్లమీద లెక్కించదగినవి. ఎ.డి. కాంప్‌బెల్ వ్రాసిన వ్యాకరణము 1816లో వచ్చింది, ఆయన నిఘంటువు 1821లో వచ్చింది. అవి విలువైనవే గాని, ఎద్దు, నాగలి, అప్పు, తగవు, పెండ్లి, చావు చుట్టూ తిరిగే నిత్యజీవితపు మాటలన్నిటికి అవి చాలలేదు. పండితులకు చెప్పి చూస్తే, అవి పామరుల మాటలు, గ్రంథములో చేర్చదగినవి కావు అనేవారు. బ్రౌన్ ఆలోచన వేరు. న్యాయము కొరకు వచ్చిన మనిషి ఏ మాటతో తన బాధ చెప్పుకుంటాడో, ఆ మాట తెలియకుండ న్యాయము చెప్పలేము. ఈ ఆలోచన ఆయన జీవితమంతటికి మూలమైనది.

వేమన దొరకుట

1822లో ఆయనను మచిలీపట్నము కోర్టు ఉద్యోగమునకు మార్చారు. ఆ రోజులలో ఫ్రెంచి మతగురువు అబ్బే దుబాయి హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన పుస్తకములో వేమన ప్రస్తావన ఆయన కంటపడింది. వేమన పద్యములను ఆ నాటి పండితులు పెద్దగా లెక్కచేసేవారు కారు. బ్రౌన్ మాత్రము వాటిని వెదకించి, తాటాకు ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, 693 పద్యములను ఇంగ్లీషు అనువాదముతో 1829లో అచ్చువేయించారు. 1839లో వెయ్యికి మించిన పద్యములతో మరల ముద్రించారు. వేమన మాటలు చిన్నవి, ఎవరికైనా తెలిసినవి. అయినను వాటిని పరాయి భాషలోనికి తెచ్చుటకు ఆయన సంవత్సరముల తరబడి కష్టపడవలసి వచ్చింది. కఠినమైన పదమే గొప్ప పదమని తలచే విద్యార్థులు ఇది గమనించాలి.

ఈ పని చేస్తుండగా తెలుగు గ్రంథముల దుస్థితి ఆయనకు తెలిసింది. తాటాకులు చెదలు తింటున్నవి. ఉన్న ప్రతులలో తప్పులు కుప్పలుగా పడి ఉన్నవి. అచ్చయిన తెలుగు పుస్తకములు చాల తక్కువ. ఆయన తన జీతమునుండి పండితులను, లేఖకులను పెట్టుకొని గ్రంథములను సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించుట మొదలుపెట్టారు. మచిలీపట్నములో తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య గారలు ఆయనకు ఛందస్సును, కావ్యములను బోధించారు. తరువాతి కాలములో జూలూరి అప్పయ్యశాస్త్రిగారు ఆయనకు కుడిభుజముగా నిలిచారు. బ్రౌన్ పేరు చెప్పుకొనే చోట ఈ గురువుల పేర్లు కూడ చెప్పుట న్యాయము. ఎంత తెలివిగలవాడైనను, పరాయి భాషలోని మాట అర్థమును ఆ భాషవారి వద్ద కూర్చుండి అడిగి తెలిసికొనవలసినదే.

1826లో మరల కడపకు వచ్చినప్పుడు ఆయన అక్కడ విశాలమైన స్థలముతో ఒక బంగళా కొన్నారు. అక్కడ పండితులు, లేఖకులు కూర్చుండి పనిచేసేవారు. జనులు దానిని బ్రౌన్ కాలేజీ అని పిలిచేవారు. ఆ నాటి కంపెనీ దొరలు జీతము మిగుల్చుకొని స్వదేశమునకు పంపేవారు. ఈయన జీతము చాలక అప్పులు చేశారు. కడపలోను మచిలీపట్నములోను పేదపిల్లలకు ఉచిత పాఠశాలలు కూడ నడిపారు.

కరువా? కొరతా?

ఒక మాట అర్థము ఎంత బరువైనదో తెలిపే ఘట్టము ఆయన ఉద్యోగ జీవితములో ఒకటి ఉన్నది. 1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమలో భయంకరమైన కరువు వచ్చింది. అది నందన నామ సంవత్సరము గనుక నందన కరువు అన్నారు. ఆకలికి మనుష్యుల డొక్కలు ఎండిపోయినవి గనుక డొక్కల కరువు అని కూడ అన్నారు. గుంటూరు జిల్లా జనములో మూడవ వంతుకు పైగా నశించారని అంచనా. అప్పుడు బ్రౌన్ ఆ ప్రాంతములోనే ఉద్యోగములో ఉండి, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించే పనిలో పాల్గొన్నారు.

ఆయన జీవితమును పరిశోధించినవారు ఇక్కడ ఒక సంగతి చెబుతారు. పై అధికారులకు పంపిన కాగితములలో బ్రౌన్ ఆ స్థితిని ‘ఫామిన్’ అని, అనగా కరువు అని వ్రాశారట. పైవారికి ఆ మాట నచ్చలేదు. ‘స్కేర్సిటీ’ అనగా కొరత అని వ్రాస్తే సరిపోతుందని వారి అభిప్రాయము. నిఘంటువులో చూస్తే ఈ రెండు మాటలు పక్కపక్కనే నిలుస్తాయి. పరీక్ష పుస్తకములో ఒకదానికి సమానార్థకముగా రెండవదానిని ఇచ్చినా ఆశ్చర్యము లేదు. కాని కొరత అంటే ధాన్యము తగ్గినది అని అర్థము, కరువు అంటే మనుష్యులు చనిపోతున్నారు అని అర్థము. కొరత అని వ్రాసినప్పుడు ప్రభుత్వము తొందరపడనక్కరలేదు, కరువు అని వ్రాసినప్పుడు తొందరపడక తప్పదు. ఆ రెండు మాటల మధ్యనున్న దూరము ప్రాణములకు సంబంధించినది.

మన పిల్లలకు సమానార్థక పదములు నేర్పునప్పుడు ఈ సంగతి తప్పక చెప్పాలి. డబ్బు జాగ్రత్తగా ఖర్చుచేసే మనిషిని ‘థ్రిఫ్టీ’ అంటే పొదుపరి అని మెచ్చుకున్నట్లు. అదే మనిషిని ‘మైజర్లీ’ అంటే పిసినారి అని తిట్టినట్లు. మనిషి ఒకడే, చేతిలోని రూపాయి ఒకటే. మనము ఎన్నుకున్న మాట మాత్రము అతనిమీద తీర్పు చెబుతున్నది. ఎక్కువ పదములు తెలిసినవానికి నిజము చెప్పవలసిన బాధ్యత కూడ ఎక్కువ.

లండనులోను వదలని పని

1834లో ఆయన ఉద్యోగమునుండి తప్పుకోవలసి వచ్చింది. మరుసటి సంవత్సరము ఇంగ్లండుకు వెళ్లి మూడేండ్లు ఉన్నారు. వేరొకరైతే తెలుగును అంతటితో మరచిపోయేవారు. బ్రౌన్ మాత్రము లండనులో కంపెనీవారి ఇండియా హౌసు గ్రంథాలయమునకు వెళ్లి చూడగా, దక్షిణ దేశభాషల వ్రాతప్రతులు అనేకము అక్కడ ఎవరికీ పట్టక పడి ఉన్నవి. సంస్కృత పండితుడైన హెచ్.హెచ్. విల్సన్ సహాయముతో వాటిని మద్రాసుకు పంపు ఏర్పాటు చేయించారు.

తిరిగి మద్రాసుకు వచ్చి పారసీ అనువాదకుని ఉద్యోగములో చేరారు. 1840లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషులో ప్రచురించారు. 1846లో పోస్టుమాస్టర్ జనరల్ పదవితోపాటు ప్రభుత్వ తెలుగు అనువాదకుని బాధ్యత కూడ ఆయనకు వచ్చింది. పగలు తపాలా శాఖ పని, మిగిలిన వేళలలో తాటాకుల పని. వసుచరిత్ర 1844లో, మనుచరిత్ర 1851లో వ్యాఖ్యానములతో వెలుగు చూచినవి. తాను సేకరించిన వ్రాతప్రతులను తనతో తీసికొనిపోక మద్రాసులోనే అప్పగించారు.

నిఘంటువులు

ఇప్పుడు మన ముఖ్య విషయమునకు వద్దాము. ఆయన సంవత్సరముల తరబడి పోగుచేసిన మాటలన్నియు 1852 నుండి 1854 వరకు నిఘంటువులుగా వెలువడినవి. మద్రాసు వేపేరిలోని క్రైస్తవ జ్ఞాన సమాజపు ముద్రాక్షరశాలలో ఆ పెద్ద సంపుటములు అచ్చయినవి.

మొదటిది తెలుగు మాటలకు అర్థమును ఇంగ్లీషులో చెప్పే నిఘంటువు. వెయ్యి పుటలకు మించినది. ఇందులో కావ్యములలోని మాటలు, వ్యవహారములోని మాటలు రెండును ఉన్నవి. మాట ఏ కవి వాడినదో, ఏ సందర్భములో వచ్చునో తెలిపే ఉదాహరణలు చేర్చారు. పండితుని మాటకు, పాలేరు మాటకు ఒకే పుటలో చోటు దొరికింది.

రెండవది ఇంగ్లీషు మాటలకు అర్థమును తెలుగులో చెప్పే నిఘంటువు. మన విద్యార్థులకు దగ్గర చుట్టము ఇదే. ప్రభుత్వపు డబ్బును ఇంగ్లీషు విద్యమీద ఖర్చుచేయాలని 1835లో కంపెనీవారు తీర్మానించారు. మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడింది. ఈ రెంటికి నడుమ తెలుగు పిల్లలలో ఇంగ్లీషు నేర్వవలసిన అవసరము పెరుగుతూ వచ్చింది. అటువంటి కాలములో వచ్చిన ఈ పుస్తకము ఒక్కొక్క మాటకు అర్థము చెప్పి ఊరుకోలేదు. ఇంగ్లీషు నుడికారములను తెలుగులో వివరించినది, ఇంగ్లీషు మాటను ఎట్లు పలకవలెనో కూడ తెలిపినది. నుడికారము తెలియకపోతే మాటలు తెలిసియు లాభము లేదు. ‘పుట్’ అంటే పెట్టు అని అందరికి తెలుసు. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయుట అని ఎవరైనా చెబితే గాని తెలియదు. ‘లుక్’ అంటే చూచుట. ‘లుక్ ఆఫ్టర్’ అంటే కనిపెట్టుకొని ఉండుట. పలుకుబడి సంగతియు అంతే. ఇంగ్లీషులో అక్షరము ఒకటి, శబ్దము మరొకటి. తెలుగు లిపిలో వ్రాసుకుంటే శబ్దము చాలవరకు చేతికి చిక్కుతుంది.

మూడవది మన భోకర్ వాసులు మరి శ్రద్ధగా గమనించవలసినది. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదములకు, మిశ్రమ వ్యవహారపు మాటలకు ఆయన ప్రత్యేకముగా ఒక నిఘంటువును 1854లో ప్రచురించారు. కోర్టులలోను కచేరీలలోను వాడే వకీలు, దరఖాస్తు, రసీదు, జమాబందీ వంటి మాటలు అచ్చ తెలుగువి కావు. అయినను రైతు బ్రతుకు ఆ మాటలమీద ఆధారపడి ఉన్నది. మన నాందేడ్ జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో ఉండినది. అందువలన మన తెలుగులో ఉర్దూ, మరాఠీ మాటలు నిండుగా కలిసియున్నవి. మనము దవాఖానా అంటాము, తలాఠీ అంటాము, పిల్లలు బడిని శాళా అంటారు. కోస్తా జిల్లాలనుండి వచ్చిన చుట్టములు విని నవ్వితే మన పిల్లలు చిన్నబోతున్నారు. చిన్నబోవలసిన పని లేదు. జనుల నోట నిలిచి, పనికి వచ్చి, అర్థమును చేరవేయు మాట గౌరవింపదగిన మాటయే. బ్రౌన్ దొర అటువంటి మాటల కొరకు వేరుగా పుస్తకమే కూర్చారు.

ఆయన కొరతలు, ఆయన మిగిల్చినది

బ్రౌన్ పనిలో లోపములు లేకపోలేదు. ఆయన కంపెనీ ఉద్యోగి. ఆ కాలపు పాలకుల దృష్టి ఆయన వ్రాతలలో అక్కడక్కడ కనబడుతుంది. కొన్ని అర్థములను తరువాతి పండితులు సరిదిద్దారు. పైగా భాష నిలకడగా ఉండదు. ఆ రోజులలో ఇంగ్లీషులో ‘కంప్యూటర్’ అంటే లెక్కలు వేసే మనిషి. నేడు ఆ మాట వినగానే యంత్రము గుర్తుకు వస్తుంది. కాబట్టి ఎంత గొప్ప నిఘంటువైనను కాలానుగుణముగా సవరించుకోవలసినదే. ఆయన ఇంగ్లీషు తెలుగు నిఘంటువును 1895లో సవరించి ముద్రించినవారిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఒకరు. తెలుగు ఇంగ్లీషు నిఘంటువు సవరించిన ముద్రణ 1903లో వచ్చింది. అది నేటికిని అచ్చులో దొరుకుతున్నది, చికాగో విశ్వవిద్యాలయమువారి ద్వారా కంప్యూటరులో కూడ ఉచితముగా చూచుకొనవచ్చును.

బ్రౌన్ 1855లో ఇంగ్లండు చేరుకున్నారు. అక్కడ కూడ ఊరకుండలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యులుగా నియమింపబడ్డారు. ఆయన వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12న, 86 సంవత్సరముల వయస్సులో లండనులో కన్నుమూశారు. కెన్సల్ గ్రీన్ స్మశానములో ఆయన సమాధి ఉన్నది.

తరువాత చాల కాలము తెలుగువారు ఆయనను దాదాపు మరచిపోయారు. నెల్లూరుకు చెందిన బంగోరె, అనగా బండి గోపాలరెడ్డిగారు, 1970లలో బ్రౌన్ ఉత్తరములను, కాగితములను వెదకి వెలికితీసి ప్రచురించారు. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుదలతో విరాళములు సేకరించి, బ్రౌన్ నివసించిన బంగళా స్థలములోనే ఆయన పేరిట గ్రంథాలయము నిలిచేటట్టు చేశారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషా పరిశోధన కేంద్రము. వేమనను లోకమునకు చూపిన మనిషి ఇల్లు వేమన పేరు గల విశ్వవిద్యాలయము చేతిలోనికి వచ్చుట తగినట్లే ఉన్నది.

మన పిల్లలకు పనికివచ్చు సంగతులు

ఉపాధ్యాయ శిక్షణ పొంది, చాల ఏండ్లు పిల్లల మధ్య గడిపినవానిగా ఈ జీవితమునుండి కొన్ని సూచనలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, ప్రతి ఇంగ్లీషు మాటకు ఇంటి తెలుగులో అర్థము చెప్పించండి. ‘బెనవలెంట్’ అంటే పరోపకార పరాయణుడు అని వ్రాసి ఊరుకుంటే ఒక కఠిన పదము స్థానములో మరొక కఠిన పదము వచ్చినది, అంతే. ఇతరులకు మేలు కోరువాడు అంటే పిల్లవానికి కళ్ళెదుట ఒక మనిషి కనబడతాడు. తన ఊరిలో అటువంటివారు ఎవరో అడగండి, పేరు చెబుతాడు. ఇక ఆ మాట మరచిపోడు.

రెండవది, మాటలను విడివిడిగా గాక కుటుంబములుగా నేర్పండి. తెలుగులో సుగుణము, దుర్గుణము, సుగంధము, దుర్గంధము అంటాము. ‘సు’ అంటే మంచి, ‘దుర్’ అంటే చెడు. ఇంగ్లీషులో లాటిను భాషనుండి వచ్చిన ‘బెన్’, ‘మాల్’ అనునవి ఇదే పని చేస్తాయి. ‘బెనవలెంట్’ మేలు కోరువాడు, ‘మాలెవలెంట్’ కీడు కోరువాడు. ‘బెనిఫిట్’ మేలు, ‘బెనిఫాక్టర్’ మేలు చేసినవాడు. ‘మాల్‌న్యూట్రిషన్’ తగిన పోషణ లేకుండుట. అట్లే గ్రీకునుండి వచ్చిన ‘గ్రఫీ’ అంటే వ్రాత. ‘బయో’ అంటే జీవితము. ‘బయోగ్రఫీ’ అంటే జీవితచరిత్ర. మన సంధులు, ఉపసర్గలు తెలిసిన పిల్లలకు ఇది చప్పున పట్టుబడుతుంది. తెలుగు వ్యాకరణము దండుగ అనుకొనేవారు దీనిని ఆలోచించాలి.

మూడవది, ఒక చిన్న నోటుబుక్కు పెట్టించండి. ఒక గడిలో ఇంగ్లీషు మాట, రెండవ గడిలో తెలుగు లిపిలో దాని పలుకు, మూడవ గడిలో ఇంటి తెలుగులో అర్థము, నాలుగవ గడిలో పిల్లవాడు స్వయముగా వ్రాసిన వాక్యము. బడిలో పనికి వచ్చునని తలిస్తే మరాఠీ మాట కూడ చేర్చవచ్చును. రోజుకు ముప్పై అక్కరలేదు, ఐదు చాలు. నేర్చిన మాటను మరునాడు ఒకసారి, వారము తరువాత ఒకసారి, నెల తరువాత ఒకసారి అడగండి. రోజుకు ఐదు చొప్పున సంవత్సరమునకు 1,825 మాటలు అవుతాయి. వాటిలో సగము నిలిచినను పరీక్షకు వెళ్లేవానికి మంచి ఆస్తి.

నాలుగవది తలిదండ్రులకు. పిల్లల ఇంగ్లీషు బాగుపడాలని ఇంట్లో తెలుగు మానివేసిన కుటుంబములు మనలో ఉన్నవి. వంటగదిలో కూడ వచ్చీరాని ఇంగ్లీషు మాటలే వినబడుతున్నవి. ఆలోచించండి. అర్థము కూర్చొనుటకు మనస్సులో ఒక పీట ఉండాలి. మన పిల్లలకు ఆ పీట తల్లి పాలతో వచ్చిన తెలుగే. అది తీసివేస్తే ఇంగ్లీషు మాట వచ్చినను నిలువబడియే ఉండి, పరీక్ష అయిన మరునాడు వెళ్లిపోతుంది. ఇంతలో తెలుగు కూడ పోతుంది. అమ్మమ్మకు ఉత్తరము వ్రాయలేని పిల్లలు, తాతగారు చెప్పిన సామెత అర్థముకాని పిల్లలు ఇప్పటికే మన ఇండ్లలో ఉన్నారు. మహారాష్ట్రలో మనము మూడు, నాలుగు తరములనుండి ఉన్నాము. ఈ తరము చేతిలో మన మాట జారిపోతే తరువాతి తరమునకు దానిని ఇచ్చేవారు ఉండరు.

కలకత్తాలో పుట్టిన ఇంగ్లీషువాడు కడప రైతు మాటను వినుటకు చెవి యొగ్గి, వ్రాసి, అర్థము వెదకి, అచ్చువేయించి మనకు ఇచ్చి వెళ్లాడు. మన ఇంటి మాటను వ్రాసి ఉంచుకొనుట మనకు అంత కష్టము కాదు. మీ ఇండ్లలోని వృద్ధులను ఈ నెలలో కూర్చుండబెట్టి, వారు వాడే మాటలలో నేటి పిల్లలకు తెలియనివి పది అడిగి వ్రాయించండి. పొలము మాటలు, వంట మాటలు, చుట్టరికపు మాటలు ఏవైనా సరే. పిల్లలే వ్రాయాలి. ప్రక్కన ఆ మాటకు ఇంగ్లీషులో ఏమనాలో, మరాఠీలో ఏమంటారో కూడ వారే వెదకాలి. ఆ పది మాటలు వెదకుటకు ఎంతసేపు పడుతుందో చూస్తే, బ్రౌన్ దొర జీవితమంతా ఎందుకు పట్టిందో వారికి ఎవరును వేరుగా చెప్పనక్కరలేదు.